మోకు మీద చేతులు

శ్రావణ శుద్ధ నవమి

గాలి నైరుతి. ఉదయం జల్లు పడి ఆగింది. గోదారికి ఎర్రనీళ్ళు మొదలయ్యాయి. ఉత్తరం వరసలో ఒక మోకు నీళ్ళ కింది కొబ్బరి మొద్దుకు ఒరుసుకుని పీచు లేచింది. విప్పి కొత్త పురి కలిపాను. తీపినీళ్ళ యంత్రం జల్లెడకు నాచు పట్టింది. అది కడిగేసరికి పొద్దెక్కింది.

నీళ్ళు తీసే పాటు వేళ, మా ఇళ్ళలాగే నీళ్ళ మీద తేలే కొత్త పంటు ఒకటి వచ్చి వెలుపలి గుంజ దగ్గర ఆగింది. చిన్నది. పైన రేకుల గది, రెండు ఎండ పలకలు, పీతల బుట్టలు. మనుషులు ముగ్గురు. మగాడి పేరు రాఘవులు, భార్య వరహాలు. కూతురు పొన్నికి నాలుగైదేళ్ళుంటాయి. మోకు అడగడానికి వచ్చారు.

మోకు అడగడమంటే తమ పంటును మా పంట్లతో కలిపి కట్టమని అడగడం. కలిపి కట్టిన ఊరు తుఫానుకు తేలుతుంది. ఒంటి పంటు తేలదు. పోయినేడు వీళ్ళు ఒంటిగా ఉన్నారు. రాఘవులు తల్లి అప్పటి తుఫానులో కొట్టుకుపోయింది. ఆ మాట అతను నీళ్ళకేసి చూస్తూ చెప్పాడు.

రేవు బల్ల మీది కమాను కింద నుంచి ముందు రాఘవులు నడిచాడు. పిల్ల నడిచింది. తర్వాత వరహాలు నడిచింది. కమాను దీపం ఎర్రగా వెలిగింది.

ఆ దీపం వెలగడం నేను చూడటం ఇదే మొదటిసారి. ఇప్పుడు నేను చేసే మోకు కాపు పని మా నాన్న చేసిన రోజుల్లో సర్కారువాళ్ళు పెట్టి వెళ్ళారు. జబ్బు మనిషి వస్తే వెలుగుతుందని ఆయన చెప్పేవాడు. ఏటా దసరాకి దానికి బొట్టు పెడతాం.

"ఏటమ్మా ఇది?" అన్నాడు భీమన్న. ఆయన ఊరి పెద్ద.

వరహాలు ఎడమ చెయ్యి ఎత్తి జబ్బ లోపలివైపు చూపించింది. చర్మం కింద బియ్యపు గింజంత ఉబ్బు ఉంది. "మందు గింజండి. దీపం దీన్ని సూసే ఎలిగింది."

"మందు దేనికి?"

"హెచ్చైవీకండి. ముదిరితే ఎయిడ్స్ అంటారు. మా అమ్మ కాడనించి పుట్టుకతో ఒచ్చింది నాకు. మందు లోపలుంటే ఎవరికీ అంటదండి. మా ఆయనకి లేదు, పిల్లకి లేదు."

నా వెనక ఉన్నవాళ్ళు బల్ల దిగిపోయారు. భీమన్న మాత్రం కదలలేదు.

"దీపం ఎలిగినోళ్ళకి మోకు లేదమ్మా. అది పాత మాట. భాద్రపద పున్నానికి మోకు కడతాం. అప్పటికి దీపం ఆరితే సూద్దాం."

కాదు అనే మాటను మర్యాదగా అన్నాడని నేననుకున్నాను. వరహాలు మాత్రం ఆ మాట వింటూ దీపం వైపు చూసింది.


శ్రావణ పౌర్ణమి

గాలి లేదు. ఉక్క. దక్షిణం వరస కొక్కేలకు చమురు రాశాను. లోవరాజు సాయం వచ్చాడు గానీ రెండు కొక్కేలకే ఆయాసపడి కూర్చున్నాడు.

లోవరాజు భీమన్న కొడుకు. ముప్పై దాటాయి. మనిషి ఈ ఏడాది సగమయ్యాడు. దగ్గు ఆగడం లేదు. నోట్లో తెల్లగా పూత పూసింది, కారం తినలేడు. కుదిరిన పెళ్ళి ఒంట్లో బాగుపడ్డాక అని ఆపారు.

వెలుపలి గుంజవాళ్ళకు తీపినీళ్ళు ఇవ్వాలా వద్దా అని పంచాయితీ జరిగింది. ఇవ్వాలన్నారు గానీ వాళ్ళు కుళాయి ముట్టకూడదట. డబ్బాలో పట్టి గెడకర్ర చివర తగిలించి అందిస్తున్నారు. పొన్ని ఆ డబ్బా వచ్చినప్పుడల్లా చేప పడినట్టు కేకేస్తుంది. దానికి అది ఆటగా ఉంది.

ఇంటికొచ్చేసరికి నా భార్య నాగరత్నం అవతలి పంటు ఆడవాళ్ళతో గొడవ పడుతోంది. వెలుపలి గుంజవాళ్ళు వచ్చిన గాలికే లోవరాజుకు జబ్బు చేసిందని ఎవరో అన్నారట.

"ఉగాదికే ఆడి సొక్కా దండెం మీదున్నట్టు ఏలాడింది. అప్పుడీళ్ళు ఏ గుంజనున్నారే? ఆ గాలి ఈళ్ళకంటే ముందే ఈదుకొచ్చిందా?" అంటోంది.

అలా అన్న మనిషే తనూ గెడకర్రతోనే నీళ్ళు అందిస్తోంది. అడిగితే, "నోటికి దైర్యం ఉంటది, సేతికి ఉండద్దూ?" అంది.


శ్రావణ బహుళ ద్వాదశి

గాలి నైరుతి, జోరు. వరద తీసింది. కొట్టుకొచ్చిన దుంగలు మూడు తూర్పు మోకులకు చిక్కితే గొడ్డలితో నరికి వదిలాం.

ఆసుపత్రి పడవ వచ్చింది. మెర్సీ సిస్టర్ ఎప్పటిలాగే మైకులో పిలిచింది. నెత్తురు పరీక్ష ఉచితమనీ, పొడిచిన చోటు చీమ కుట్టినంత కూడా ఉండదనీ చెప్పింది. ఎప్పటిలాగే ఎవరూ వెళ్ళలేదు. మా ఊరివాళ్ళెవరికీ దీపం వెలగదు గదా, మాకెందుకు అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. పన్ను నొప్పులకు, గజ్జికి మందులు తీసుకున్నారు.

సిస్టర్ వెలుపలి గుంజ దగ్గరికి వెళ్ళింది. వరహాలు లేదు. మడ అడవిలోకి పీతలకు వెళ్ళిందనీ, ఎప్పుడొస్తుందో తెలియదనీ రాఘవులు చెప్పాడు. సిస్టర్ చాలాసేపు చూసింది. పాటు తీస్తే పడవ ఇసుకకు తగులుతుంది, ఇక ఆగలేకపోయింది. వెళ్తూ నన్ను పిలిచింది.

"తాతబ్బాయిగారూ, వరహాలు గింజకి ఏడాది నిండిపోతోంది. కొత్తది పెట్టాలి. వచ్చే పడవకి తప్పకుండా ఉండమనండి. ఈలోగా దీపం ఆరిపోతే నాకు రేడియోలో కబురు పెట్టండి."

అలాగేనన్నాను. దీపం ఆరితే మంచిదే కదా, దానికి కబురెందుకని అనుకున్నాను.

పడవ మలుపు తిరిగాక మడ కొమ్మలు నరకడానికి వెళ్ళాను. వరహాలు అక్కడ వేళ్ళ మీద కూర్చుని ఉంది. పక్కన పీతల బుట్ట లేదు. సిస్టర్ చెప్పిన మాట చెప్పాను.

"ఇన్నానండి," అంది. లేవలేదు.


భాద్రపద శుద్ధ పంచమి

గాలి పడమర. ఎండ. కొబ్బరి పీచు ఆరబెట్టాను. కొత్త మోకుకు పేనడం మొదలుపెట్టాను.

ఈ ఉదయం వరహాలు కమాను దగ్గరికి వచ్చి భీమన్నను పిలవమంది. ఆయన వచ్చాక అందరి ముందూ నడిచింది. దీపం వెలగలేదు. వెనక్కి తిరిగి మళ్ళీ నడిచింది. వెలగలేదు.

"జబ్బు పోయిందన్నమాట," అన్నాడు భీమన్న. నిజంగానే సంతోషించాడు. మనిషి చెడ్డవాడు కాదు. "పున్నానికి మోకు కడదాం. ఒరే తాతబ్బాయ్, పురి గట్టిగా ఎయ్యి."

పొన్ని కమాను కింద ఇటూ అటూ పదిసార్లు పరిగెత్తింది. నాగరత్నం దాన్ని ఎత్తుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళు పట్టి తాగించింది. మధ్యాహ్నం బొమ్మిడాయిల పులుసు గిన్నెతో వాళ్ళ పంటు మీదికి వెళ్ళింది. తిరిగొచ్చి, ఇల్లు శుభ్రంగా ఉందిగానీ మొగుడూ పెళ్ళాల చాపలు చెరో మూలా ఉన్నాయని చెప్పింది.

"పోట్లాడుకున్నారేమో," అన్నాను.

"పోట్లాడుకున్నోళ్ళు అలా ఒకే కంచంలో తింటారా?" అంది.

రేడియోలో కబురు పెట్టలేదు.


భాద్రపద శుద్ధ త్రయోదశి

మబ్బు. గాలి తగ్గింది. కొత్త మోకు పేనడం పూర్తయింది. కత్తి నూరాను.

మోకు కట్టే రోజున కత్తి ఒకటే ఉంటుంది. భీమన్న పట్టుకుంటాడు. కొత్తవాళ్ళ అరచేతులు ముందు గీస్తాడు. తర్వాత పెద్ద ఇంటి చెయ్యి, తర్వాత మోకు కాపుది, ఆపైన ప్రతి ఇంటి నుంచీ ఒక చెయ్యి. నెత్తురు కారుతుండగానే అందరూ ఒకరి చేతి పక్కన ఒకరు మోకు పట్టి లాగి బిగిస్తారు. నెత్తురు కలిసినవాళ్ళు తుఫానులో మోకు కోసుకుపోరని మాట. నా అరచేతిలో అలాంటి గీతలు నాలుగున్నాయి.

కత్తి నూరుతుంటే వరహాలు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్, మీ చెయ్యి కొయ్యడం నా తర్వాతే గదా?"

"నీదీ నీ మొగుడిదీ అయ్యాక లోవరాజుది. ఆ తర్వాత నాది."

"కత్తి మార్చలేరా? నా చెయ్యి గీసినాక ఆ కత్తి నీళ్ళల్లో పడెయ్యండి. ఇంకోటి తియ్యండి."

ఎందుకన్నాను. ఆమె జబ్బ చూపించింది. ఉబ్బు అలాగే ఉంది.

"గింజ ఇంకా ఉందండి. లోపలి మందు అయిపోయింది. దీపం ఆరితే జబ్బు పోయినట్టు కాదు బాబాయ్, మందు పోయినట్టు. ఎలిగినప్పుడు నా నెత్తురు ఎవర్నీ ఏం సెయ్యలేదు. పిల్లని కన్నాను, పాలిచ్చాను, దానికి అంటలేదు. మందు ఆగితే లోపలది మళ్ళీ లేత్తది. అందుకే మా ఆయన్ని దూరంగా పడుకోమన్నాను."

"తెలిసే సిస్టర్‌కి కనబడలేదా?"

"కనబడితే గింజ పెట్టేత్తది. దీపం ఎలుగుద్ది. పంటు పోద్ది. మా అత్త పోయిన రోజు పిల్లని నడుంకి కట్టుకుని గుంజ పట్టుకున్నాను బాబాయ్. ఇంకోసారి నావల్ల కాదు."

"మరి నాకెందుకు చెప్తున్నావు?"

"మీరు కత్తి నూరుతున్నారు గదా," అంది.

ఆమె వెళ్ళాక భీమన్న దగ్గరికి వెళ్ళాను. ఈసారి మనిషికో బ్లేడు వాడదామన్నాను. ఎందుకన్నాడు. తుప్పు మంచిది కాదన్నాను.

"నువ్వేగా నూరింది, తుప్పెక్కడిది? కత్తి మారితే నెత్తురు ఏం కలుత్తాది? మోకెందుకు, దారం సాలు గదా!"

ఇంకేం చెప్పలేదు. చెబితే వాళ్ళ పంటు పోతుంది. చెప్పకపోతే కత్తి ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఊరంతా తిరుగుతుంది.

వెనకటిసారి మోకు కట్టించుకున్నది దావీదు అనే మనిషి. అతనికి దీపం వెలగలేదు. ఆ మరుసటి ఏడు తిండి సహించక, విరోచనాలు కట్టక, ఎముకల గూడై పోయాడు. గాలి సోకిందన్నాం. ఆ రోజు అతని చెయ్యి గీశాక గీసింది లోవరాజుది. పెద్ద ఇంటి చెయ్యిగా లోవరాజు నిలబడటం అదే మొదలు.

దాని తర్వాతది నాది.


భాద్రపద పౌర్ణమి

తేట ఆకాశం. గాలి ఈశాన్యానికి తిరగాలా వద్దా అన్నట్టుంది. పోటు నిండుగా ఉంది. ఉదయమే కొత్త మోకు ఉప్పునీళ్ళలో తడిపి రేవు బల్ల మీద పరిచాను. అందరూ వచ్చారు. ఆడవాళ్ళు పసుపునీళ్ళు చల్లారు.

నాగరత్నానికి నిన్ననే అంతా చెప్పాను. నేను చెయ్యి పెట్టనని అందరి ముందూ అంటాను, కారణం అడిగితే చెప్పేస్తాను అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అను. ఆ పిల్ల పేరు మాత్రం నీ నోట రానీకు," అంది. అది ఎలాగో నాకు తోచలేదు.

చివరికి ఆ అవసరం రాలేదు. భీమన్న కత్తి ఎత్తి ముందు వరహాలును పిలిచాడు. ఆడమనిషికి మర్యాదగా. ఆమె చెయ్యి చాపింది. పిడికిలి బిగించి ఉంది.

"తెరువమ్మా."

తెరవలేదు.

"పీతల నోట్లో ఏలు పెట్టుద్దంట గానీ గీతకి బయపడతందిరోయ్," అని ఎవరో అన్నారు. నవ్వారు.

"నా సెయ్యి గియ్యొద్దండి," అంది వరహాలు. "జబ్బు పోలేదు. మందు అయిపోయి దీపం ఆరింది. కొత్త గింజ పెట్టించుకోకుండా నేనే దాక్కున్నాను. ఇప్పుడు నా నెత్తురు ఈ కత్తికి అంటితే మీ అందరికీ అంటొచ్చు."

రాఘవులు కళ్ళు మూసుకున్నాడు. అతనికి ముందే తెలుసు, ఇలా చెబుతుందని మాత్రం తెలియదు.

"అంటే ఊరిని సంపుదావని ఒచ్చావా?" అన్నాడు భీమన్న.

"సంపాలంటే సెయ్యి తెరిసేదాన్నండి."

అప్పుడు కేకలు మొదలయ్యాయి. కుళాయి ముట్టుకుంది, పులుసు గిన్నె పట్టుకుంది, పిల్లలతో పిల్లని ఆడించింది అని. నీళ్ళతో రాదు, గిన్నెతో రాదు, దోమతో రాదు, మందు లేని నెత్తురుతోనూ మొగుడూ పెళ్ళాల సంగతిలోనూ తల్లి నుంచి బిడ్డకూ వస్తుందని ఆమె చెబుతూనే ఉంది. ఎవరూ వినలేదు. నాగరత్నం వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. ముట్టుకోలేదు గానీ నిలబడింది.

కేకల మధ్య లోవరాజు దగ్గుతూ చెయ్యెత్తాడు. ఊరి పెద్ద కొడుకు గనక అంతా ఆగారు.

"వదినా, దీపం నెత్తుర్ని సూడదా?"

"సూడదండి. గింజనే సూత్తది. జబ్బుండి మందు లేనోళ్ళకి ఎలగదు."

"అయితే దావీదుకి ఎలగలేదంటే..." అని తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, నాకూ ఎప్పుడూ ఎలగలేదు గదా."

భీమన్న చేతిలో కత్తి అలాగే ఉంది. కాసేపటికి దాన్ని నాకిచ్చాడు.

మోకు కట్టలేదు. తడి మోకు చుట్టి గదిలో పెట్టాను. మధ్యాహ్నం రేడియోలో ఆసుపత్రి పడవకు కబురు పెట్టాను. దీపం ఆరి పది రోజులైందని చెప్పాను. ఇన్నాళ్ళూ ఏం చేశారని మెర్సీ సిస్టర్ అడిగింది. సంతోషించాం అని చెప్పాను.


భాద్రపద బహుళ పంచమి

జల్లు. గాలి ఈశాన్యం. తూర్పు మోకులు బిగించాను.

పడవ వచ్చింది. ఈసారి అందరూ వెళ్ళారు, బల్ల మీద వరస కట్టారు. వేలు పొడిచి చుక్క నెత్తురు పలక మీద వేస్తే గీతలు తేలుతాయి. ఒక గీతైతే లేనట్టు. రెండైతే ఇంకోరకం పరీక్ష చేసి చెబుతారు. ఈ మధ్యనే అంటి ఉంటే తెలియకపోవచ్చు, మూడు నెలలకు మళ్ళీ చూస్తామంది సిస్టర్. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి తలుపు వేసి చెప్పింది. ఎవరిది వాళ్ళకే. కానీ ఈ ఊళ్ళో కమాను ఉండగా దాగేదేముంది?

ఐదుగురికి ఉంది. లోవరాజుకు ఉంది. పెంటయ్యకూ అతని భార్యకూ ఉంది. దోనె కట్టే సుబ్బయ్యకు ఉంది.

నాకు ఉంది. నాగరత్నానికి లేదు.

సిస్టర్ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ముందు కొన్నాళ్ళు రోజూ మాత్ర, తర్వాత గింజ. మానకుండా ఉంటే ముసలితనం దాకా బతుకుతానట. మధ్యలో మానితే లోపలి పురుగు మందుకు మొండికేస్తుందట. నెత్తుర్లో అది కనపడనంతగా తగ్గాక నాగరత్నానికి నా నుంచి రాదు. అప్పటిదాకా నిరోధ్ వాడమని పొట్లం ఇచ్చింది.

ఇంటికి తెచ్చి చూపించాను. నాగరత్నం పొట్లం తిప్పి చూసింది.

"మనవల్ని ఎత్తుకునే ఈడులో సర్కారోళ్ళు మనకి పని సెప్పారయ్యా," అంది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళి చాలాసేపు ఇటు తిరగలేదు.

వరహాలుకు పాత గింజ తీసి కొత్తది పెట్టారు. రాఘవులుకు జాగ్రత్త మాత్రలిచ్చారు. అతనికి లేదు, పిల్లకూ లేదు.

లోవరాజుకు ముదిరింది. ఊపిరితిత్తుల్లో క్షయ కూడా పట్టింది. సిస్టర్ దానికి మందు మొదలుపెట్టింది గానీ మెరక మీది పెద్దాసుపత్రిలో చేర్చాలంది. పడవ మాత్రం కిందికి, సముద్రం వైపు ఊళ్ళకు వెళ్ళాలి. తిరిగొచ్చేసరికి పది పన్నెండు రోజులు పడుతుంది. అన్నాళ్ళు ఆగొద్దు, ఎవరైనా పైకి తీసుకెళ్ళండి అంది.

దీపం ఎందుకు పెట్టారని సిస్టర్‌ను భీమన్న అడిగాడు.

"మాకోసమండి. ఎవరి గింజ అయిపోయిందో పడవ మీంచే తెలియాలని. వెలిగితే మనిషికి మందు అందుతున్నట్టు. మీరేమనుకున్నారు?"




భాద్రపద బహుళ దశమి

గాలి ఈశాన్యం, చల్లగా ఉంది. ఈ నెలాఖరు దాటితే తుఫాను రోజులు. పంచాయితీ జరిగింది.

దీపం వెలిగినవాళ్ళకు మోకు లేదన్న మాట ఉంచాలా తియ్యాలా అని మొదలైంది. పెంటయ్యకూ సుబ్బయ్యకూ నాకూ రేపోమాపో గింజ పెడతారు. దీపం వెలుగుతుంది. మా పంట్లు విప్పితే ఉత్తరం వరస మొత్తం ఊడుతుంది. అది అందరికీ తెలుసు.

"మోకు మీదున్నోళ్ళ సంగతి ఏరు," అన్నారు. "ఆళ్ళు మనోళ్ళు. తెలీక ఒచ్చింది. కొత్తోళ్ళకి మాత్రం పాత మాటే."

నేను లేచాను. వరహాలు చెయ్యి తెరిచి ఉంటే ఇవాళ ఎందరికి అంటేదో లెక్క వేసుకోమన్నాను. మనకు జబ్బు ఉందని తెలిసింది ఆమె మూలాన్నే అన్నాను. కత్తి తీసేద్దాం, ఉప్పునీళ్ళతో కడదాం, ఆ పంటును నా పంటు పక్కన కట్టండి అన్నాను.

"నువ్వు కూకో తాతబ్బాయ్. నీ సంగతే ఇంకా తేలలేదు," అన్నాడు ఒకడు. నా దగ్గర పురి పేనడం నేర్చుకున్నవాడు.

నాగరత్నం లేచి చెయ్యెత్తింది. ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఎత్తారు. చాలలేదు. భీమన్న ఎటూ ఎత్తలేదు. కత్తి తీసెయ్యడానికి మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

సాయంత్రం నేనే వెళ్ళి చెప్పాను. వరహాలు పీతల కాళ్ళకు తాడు కడుతోంది. ఆపకుండా విన్నది.

"పైకి ఎల్తామండి. ఆసుపత్రి రేవులో గుంజ అడుగుతాం."

"ఇస్తారా?"

"తెలీదండి."


ఆశ్వయుజ శుద్ధ విదియ

గాలి ఈశాన్యం. ఆకాశం తేట. తుఫాను ఊసు లేదని రేడియోలో చెప్పారు. దక్షిణం వరసలో రెండు మోకులు మార్చాను. కమాను మీది పోయినేటి బొట్టు వానకు కారి దీపం అద్దం మీద మరక కట్టింది. తుడిచాను.

నాకు నిన్న గింజ పెట్టారు. మాత్రలు పడ్డాయని, మళ్ళీ రావడం ఆలస్యం కావచ్చని పడవ తిరిగొస్తూనే సిస్టర్ పెట్టింది. ఉదయం రేవు బల్ల మీదికి వెళ్తుంటే దీపం వెలిగింది. నాగరత్నం నీళ్ళు పడుతూ చూసింది.

"పెళ్ళినాడు కూడా నీ మొకం ఇంత ఎర్రగా లేదు," అంది.

లోవరాజు నడవలేడు. ఇన్నాళ్ళూ పైకి తీసుకెళ్ళేవాళ్ళు దొరకలేదు. సిస్టర్ మళ్ళీ అవతలి పాయలోకి వెళ్ళాలి. పైకి వెళ్ళేది వరహాలువాళ్ళ పంటు ఒక్కటే. నిన్న సాయంత్రం రాఘవులు తనంతట తనే వచ్చి భీమన్నను అడిగాడట, తీసుకెళ్ళమంటారా అని.

భీమన్న కొడుకు పరుపు భుజాన వేసుకుని వెలుపలి గుంజకు వచ్చాడు. ఆ పంటు మీద ఆయన కాలు పెట్టడం అదే మొదలు. గదిలో పరుపు వేశాడు. మందుల సంచి చూపించాడు. దిగబోయి ఆగాడు.

"గంజి పలచగా ఇవ్వమ్మా. ఉప్పు ఎక్కువైతే నోరు మండుద్ది ఆడికి."

"అలాగేనండి," అంది వరహాలు. "మీరు కూడా పరీక్ష మళ్ళీ సేయించుకోండి, మూడు నెలలకి."

ఆయన తలూపాడు. ఇంకేదో అంటాడని అందరం చూశాం. ఆయన దిగిపోయాడు.

పున్నం నాడు కట్టని కొత్త మోకు తెచ్చి వాళ్ళ పంటు మీద పడేశాను. ఊరి పీచుతో పేనింది. ఎవరినీ అడగలేదు. ఈ పుస్తకంలో రాసి పెడుతున్నాను.

పోటు మొదలవగానే వెలుపలి గుంజ నుంచి వాళ్ళ మోకు నేనే విప్పాను. ఉదయం ఏడు గంటలకు పంటు పైకి వెళ్ళింది. వెళ్ళినవాళ్ళు రాఘవులు, వరహాలు, పొన్ని, లోవరాజు.